మతిమరుపు వయసు వల్లేనా? బి12 పరీక్ష చేయించారా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. శాకాహారి. పన్నెండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిగా పేర్లు మర్చిపోతున్నారు, అరికాళ్లు మంటలంటున్నారు, నడకలో తూలుతున్నారు. హిమోగ్లోబిన్ 14 ఉంది. ఇది వయసు వల్లేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వయసు మీదకి నెట్టేయకండి. ముందు విటమిన్ బి12 పరీక్ష చేయించండి. నరాల మీది మైలిన్ పొర నిలబడటానికి బి12 కావాలి. శాకాహారంలో అది పాలు, పెరుగు నుంచే వస్తుంది. ఆ వచ్చేదాన్ని కూడా చిన్నపేగు సరిగా పీల్చుకోకుండా మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంటే ఇంకా తగ్గుతుంది.

హిమోగ్లోబిన్ బాగుందన్న ధీమా వద్దు. రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్ ఒక్కటే తాగితే రక్తం మెరుగుపడుతుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

పరీక్షకి రక్తం ఇచ్చాకే బి12 ఇంజెక్షన్ చేయించుకోవాలి. ముందే చేయిస్తే అంకె పెరిగిపోయి అసలు సంగతి తెలియదు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే, బి12 తగ్గినప్పుడు ఒంట్లో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్షతో తేల్చుకోవాలి. నరాల లక్షణాలు ఉన్నప్పుడు సాధారణంగా 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి ఇస్తారు. ఎన్నాళ్లన్నది డాక్టరు చెప్పాలి. థైరాయిడ్ కూడా చూపించండి. షుగర్ వల్ల కూడా అరికాళ్లు మండుతాయి కాబట్టి ఆ కోణం వదలొద్దు. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. ఆలస్యమైన కొద్దీ పోయినది తిరిగి రావడం కష్టం.

ప్రశ్న: మా పాపకి పదో నెల. ఇదివరకు నవ్వేది, బోర్లా పడేది. ఇప్పుడు నవ్వడం మానేసింది, మెడ నిలపట్లేదు, వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. నా పాలు తప్ప ఏమీ తినదు. నేను గుడ్డు తినను, పాలు కూడా తక్కువే తాగుతాను.
- ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: ఈరోజే పిల్లల డాక్టరుకి చూపించండి. వచ్చిన పనులు మర్చిపోవడం, కణుపులు నల్లబడటం, తల్లిపాలు మాత్రమే తాగడం ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది బి12 లోపాన్నే. తల్లి ఒంట్లో లేనిది పాలలోకి రాదు. మెదడులో మైలిన్ వేగంగా ఏర్పడేది మొదటి రెండేళ్లలోనే కనుక ఒక్కో వారం విలువైనదే.

చికిత్స మొదలైతే చాలామంది పిల్లలు కొద్దిరోజుల్లోనే హుషారవుతారు. కొందరిలో చేతులు, తల వణకడం మొదలవుతుంది, ఉన్న వణుకు పెరగవచ్చు కూడా. భయపడి మందు ఆపకండి, డాక్టరుకి చెప్పండి. మీరూ పరీక్ష చేయించుకుని మందు వాడండి, పాలివ్వడం మానొద్దు. పాపకి మెత్తటి పప్పన్నం, పెరుగన్నం అలవాటు చేయండి. ఇంట్లో అభ్యంతరం లేకపోతే ఉడికిన గుడ్డు పెట్టండి.

మళ్లీ గర్భం అనుకుంటే కనీసం నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, బి12 లోపం సరిచేసుకుని ఉండాలి. బిడ్డ వెన్నుపాము, మెదడుకి మూలమైన నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ గడువు దాదాపు అయిపోతుంది.