కడుపుతో ఉన్న కోడలికి చేప మాన్పించాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా కోడలికి ఆరో నెల. చేపల్లో పాదరసం ఉంటుందని, చెరువు చేపలకు మందులు వాడతారని ఎక్కడో చదివి మా అబ్బాయి ఇంట్లో చేప మాన్పించేశాడు. ఆ పిల్లకి చేప లేనిదే ముద్ద దిగదు. మొన్నటిదాకా వంజరం తిన్నానని ఒకటే టెన్షన్ పడుతోంది. పురుడయ్యాక పాలు పడటానికి సొరచేప పొడికూర, అదే సొరపుట్టు, పెట్టడం మా ఆనవాయితీ. ఏది పెట్టాలి, ఏది మానాలి?

జవాబు: ముందు ఆ పిల్లకి మళ్లీ చేప వండి పెట్టండమ్మా. ఈ చివరి మూడు నెలల్లోనే బిడ్డ మెదడు చకచకా పెరుగుతుంది. దానికి కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు మన వంటింట్లో చేపలో దొరికినంతగా ఇంకెందులోనూ దొరకదు.

మీ అబ్బాయి భయం ఉత్తిదేమీ కాదు. జపాన్‌లోని మినమాటాలో ఒక ఫ్యాక్టరీ పాదరసాన్ని సముద్రంలోకి వదిలింది. 1956లో సంగతి బయటపడేసరికి, అక్కడి చేపలు తిన్న తల్లులు పైకి బాగానే ఉన్నా, వాళ్లకు పుట్టిన పిల్లల్లో నరాలు దెబ్బతిన్నాయి. మన దగ్గర అంత ఘోరం లేదు. కానీ ఏ సముద్రంలోనైనా ఎంతో కొంత పాదరసం ఉంటుంది. చిన్న చేపల్ని పెద్దవి తింటూ పోతే అది పెద్దవాటి కండలో పేరుకుంటుంది. కడిగినా, ఉప్పు పసుపు పట్టించినా, వేయించినా పోదు. అందుకే అసలు జాగ్రత్తంతా కొనేటప్పుడే ఉంది.

కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు నిశ్చింతగా కొనండి. అవి పాచి, చిన్న పురుగులు తిని బతికేవి, ఎక్కువ కాలం బతకవు కూడా. కవళ్లయితే మరీ మంచివి. పొలుసు గీకి, తల, పేగు తీసి, చింతపండు పులుసులో సన్నసెగ మీద ఉడికిస్తే ముల్లు మెత్తబడి కాల్షియం కూడా అందుతుంది. పులస కూడా పాచి మేసేదే. అయినా వేలకు వేలు పోసి దాన్నే తెచ్చి పెట్టక్కర్లేదు, ఆ మంచి కొవ్వు కవళ్లలోనూ ఉంది. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 225 నుంచి 340 గ్రాములు. గర్భిణులకు అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క ఇది.

ఆ సంస్థే గర్భిణులు అసలు తినకూడదన్న చేపల్లో సొర ఉంది. మా ఇంట్లో పురిటికి నేను సొర వద్దంటే మా చెల్లెలు అలిగింది. పెద్దవాళ్లు ప్రేమతో పెట్టేదే, నాకూ తెలుసు. కానీ తల్లి తిన్న పాదరసం కడుపులో ఉన్నప్పటికంటే తక్కువగానైనా పాలలోకీ వెళ్తుంది. పాలు పడేది బిడ్డ మాటిమాటికీ చప్పరించడం వల్ల. ఆ అల్లం, వెల్లుల్లి, మిరియాలతోనే పండుగప్ప పుట్టు చేసి పెట్టండి, కమ్మగా ఉంటుంది. కొమ్ముకోనం, పెద్ద ట్యూనా కూడా ఇప్పుడు వద్దు.

తిన్న వంజరం గురించి దిగులొద్దని చెప్పండి. ఒంట్లో చేరిన పాదరసం ఇంచుమించు రెండు నెలల్లో సగానికి తగ్గుతుంది. ఇకమీదట పెద్ద వంజరం ముక్క ఎప్పుడో ఒకసారి చాలు.

చెరువు బొచ్చె, శీలావతిలో పాదరసం బెడద తక్కువ. మందుల మాట మాత్రం నిజమే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల్ని చేపల, రొయ్యల చెరువుల్లో వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది, వాడితే వంటతో పూర్తిగా పోవు. మీ ఊళ్లో చెరువు ఎవరిదో, పట్టుబడికి ఎన్ని రోజుల ముందు మందు ఆపారో అడిగే వీలు మీకుంది, మొహమాటపడకుండా అడగండి. పేగులు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేయండి. ప్రతిసారీ ఒకే చెరువు చేప తేకుండా మారుస్తూ ఉండండి.

కోడలికి బీపీ ఉంటే ఎండు చేపలు మాత్రం తగ్గించండి, వాటిలో ఉప్పెక్కువ.