ఎలబానా దాకా అత్తయ్యగారు నడవగలరా?

ప్రశ్న: మేడమ్, మేం ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉంటాం. తణుకు నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. ఇద్దరికీ అరవై దాటింది, కానీ రోజూ కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచే అలవాటుంది. బీచ్‌లు, మాల్స్ చూపించేశాం. జూలైలో లామింగ్టన్ నేషనల్ పార్కులో ఎలబానా జలపాతానికి తీసుకెళ్దామని ఉంది. బాబుకి తొమ్మిదేళ్ళు. వీళ్ళంతా నడవగలరా? (ఒక కోడలు, బ్రిస్బేన్)

జవాబు: నడవగలరమ్మా. కాకపోతే కాలవ గట్టు లెక్క ఇక్కడ పనికిరాదు. గట్టు మీద వెళ్ళినా వచ్చినా ఒకటే నేల. ఎలబానాకి వెళ్ళేటప్పుడు చాలావరకు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. జలపాతం దగ్గర కూర్చుని “ఇంతేనా, ఈజీగా వచ్చేశామే” అన్నవాళ్ళే తిరుగుదారిలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడతారు. నేనూ నిలబడ్డాను.

పార్కులో గ్రీన్ మౌంటెన్స్ అనే చోట కారు ఆపి బయల్దేరితే ఈ దారిని బాక్స్ ఫారెస్ట్ సర్క్యూట్ అంటారు. చుట్టు మొత్తం 10.9 కిలోమీటర్లు. నాలుగు గంటలు పెట్టుకోమని పార్కువాళ్ళ లెక్క. అది ఫొటోల కోసం ఆగనివాళ్ళకి, పులిహోర డబ్బా విప్పనివాళ్ళకి. మీకు ఐదున్నర పడుతుంది. అత్తయ్యగారు అలిసినట్టు కనిపిస్తే జలపాతం చూసి వచ్చిన దారినే వెనక్కి తిరగండి. దూరం బాగా తగ్గుతుంది, చిన్నతనమేమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎన్నింటికి బయల్దేరారన్నది. మొదటిసారి నేను, మావారు, కూతురు, అల్లుడు, మనవడు జూలైలోనే వెళ్ళాం. మలుపుల రోడ్డు మీద మనవడికి రెండుసార్లు వాంతులు, తర్వాత కాఫీలు. నడక మొదలెట్టేసరికి మధ్యాహ్నం రెండు. “నాలుగు గంటలంటే మనకి మూడు చాల్లే” అన్నారు మావారు. ఇక్కడ చలికాలంలో ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. ఆ చెట్ల కింద నాలుగున్నరకే దీపాలు పెట్టే వేళలా ఉంటుంది. దానికి తోడు జలపాతం దగ్గర మనవడి చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది. అల్లుడు వాణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాడు. నేను ఫోన్ లైటు పట్టుకుని ముందు నడిచాను, బ్యాటరీ తొమ్మిది శాతం. కారు దగ్గరికి చేరేసరికి ఆరున్నర. ఆ టెన్షన్‌లో జలపాతం ఎలా ఉందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. మళ్ళీ వెళ్ళాకే చూశాను.

కాబట్టి ఇంట్లో ఆరున్నరకల్లా బయటపడండి. బ్రిస్బేన్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు. దారిలో వచ్చే కానంగ్రా ఊళ్ళో పెట్రోలు నింపుకోండి. అక్కడి నుంచి కొండ రోడ్డు ఇరుకు, మలుపులు ఎక్కువ. బాబు చేతిలో నిమ్మకాయ పెట్టండి. పదింటికల్లా అడుగులు పడాలి. చెప్పులొద్దు, పట్టు దొరికే అడుగున్న బూట్లు కావాలి. అత్తయ్యగారు చీరతోనే నడుస్తానంటారు, నాకు తెలుసు. వాగు దాటేటప్పుడు ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో రాయి పట్టుకుంటే మనిషిని పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. మీ ట్రాక్ ప్యాంటు ఇవ్వండి. బయల్దేరే ముందురోజు పార్కు వెబ్‌సైట్‌లో దారి తెరిచి ఉందో లేదో చూడండి. పెద్ద వానలు పడ్డాక మూసేస్తుంటారు.

ఇక చూడాల్సిన సంగతి. నేను పాతికేళ్ళు బోటనీ చెప్పినదాన్ని, కాస్త ఓపిక పట్టండి. జలపాతం పెద్దదేం కాదు. నాచు పట్టిన రాళ్ళ మీంచి జారి చిన్న మడుగులో పడుతుంది. అసలు ఆ దారికి పేరు తెచ్చిన బ్రష్ బాక్స్ చెట్లున్నాయే, వాటి దగ్గర ఆగండి. మొదలు గరుకు, పైకి వెళ్ళేకొద్దీ కాండం నున్నగా, గులాబీ రంగు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. మావయ్యగారిని ఆ కాండం చూపించి “మన పెరట్లో దేన్ని పోలి ఉంది?” అని అడగండి. జామ అంటారు. సరిగ్గా అదే కుటుంబం, నేరేడు కూడా. ఇక్కడి బ్రష్ బాక్స్‌లలో కార్బన్ పరీక్షలో పదిహేను వందల ఏళ్ళు తేలినవి ఉన్నాయి. మన కోస్తాలో విష్ణుకుండినులు ఏలుతున్న రోజుల్లో మొలిచాయన్నమాట. ఇంకోటి, తాటిచెట్టు మీద పిట్ట రెట్టలో పడిన మర్రి గింజ మొలిచి తాటిని మింగేయడం ఆయన ఊళ్ళో చూసే ఉంటారు. అదే పని ఇక్కడి జువ్వి జాతి చెట్లు చేస్తుంటాయి. లోపలి చెట్టు కుళ్ళిపోయాక మిగిలిన బోలులోకి బాబు దూరతానంటాడు. ముందు టార్చి వేసి చూడనివ్వండి.

అన్నట్టు, 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ అడవులకి ఇప్పుడున్న పేరు గోండ్వానా రెయిన్‌ఫారెస్ట్స్. మన ఆదిలాబాద్‌లో ఉన్న గోండుల పేరులోంచి వచ్చిన మాటే అది.

ప్రశ్న: అమ్మా, డిసెంబరులో హైదరాబాద్ నుంచి వస్తున్నాం. అక్కడ జలగలు పడతాయని మా వదిన భయపెట్టింది. నిజమేనా? (సికింద్రాబాద్ పాఠకురాలు)

జవాబు: నిజమే, అదీ డిసెంబరులో. ఎండాకాలమే ఇక్కడ వానలు. సాక్సుల్లోకి ప్యాంటు దోపుకోండి, దోమల మందు బూట్లకి పట్టించండి. పట్టుకుంటే గోటితో పక్కకి తోసెయ్యండి. కాసేపు రక్తం కారుతుంది, అంతే. ఇంటికి వచ్చాక స్నానం చేసేటప్పుడు చెవుల వెనక, మెడ మీద పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి. జలగ కన్నా దానికే నేను జాగ్రత్తపడతాను.

మీ వదిన చెప్పనిది ఒకటుంది. దారి పక్కన ఎండ పడే ఖాళీల్లో హృదయం ఆకారంలో, అంచులు రంపంలా ఉన్న పెద్ద ఆకుల మొక్క కనిపిస్తుంది. ఆకుల నిండా పురుగులు తిన్న చిల్లులు. దాన్ని స్టింగింగ్ ట్రీ అంటారు. మన దురదగొండికి ఇది పెద్దమ్మ అనుకోండి, చుట్టరికం లేకపోయినా. సన్నటి నూగు చర్మంలో దిగితే నొప్పి రోజుల తరబడి వచ్చిపోతుంటుంది. దాని విషం సాలీడు విషం పనిచేసే తీరులోనే పనిచేస్తుందని 2020లో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చారు. తగిలితే రుద్దొద్దు, నూగు ఇంకా లోపలికి పోతుంది. పిల్లలకి ముందే చూపించండి.

ప్రశ్న: మేడమ్, దారి తప్పితే వాగు వెంబడి కిందికి దిగితే ఊరు వస్తుందంటారు కదా? (స్టూడెంట్, గోల్డ్ కోస్ట్)

జవాబు: మన గోదావరి పల్లంలో వస్తుందేమో. కొండ మీద వాగు వెంబడి దిగితే ముందు వచ్చేది జలపాతం నెత్తి.

ఈ లామింగ్టన్ కొండల్లోనే జరిగింది. 1937 ఫిబ్రవరి 19న బ్రిస్బేన్ నుంచి సిడ్నీకి ఏడుగురితో బయల్దేరిన స్టిన్సన్ విమానం కూలింది. ముగ్గురు బతికారు. వాళ్ళలో వెస్ట్రే అనే యువకుడు సాయం తెస్తానని వాగు పట్టుకుని దిగాడు. జలపాతం దగ్గర రాతి గట్టు మీంచి పడి, దెబ్బలతోనే కొంత దూరం పాకి చనిపోయాడు. మిగతా ఇద్దరూ విమానం దగ్గరే ఉండిపోయారు. అందులో ఒకాయన కాలు విరిగింది. తొమ్మిది రోజుల తర్వాత బెర్నార్డ్ ఓరైలీ అనే, ఆ అడవులు బాగా తెలిసిన మనిషి, దూరంగా పచ్చటి కొండ మీద కాలిన చెట్టొకటి చూసి, ఆనవాలు పట్టుకుని వెళ్ళి వాళ్ళని కనుక్కున్నాడు. ఇద్దరూ బతికి బయటపడ్డారు.

దారి తప్పానని తోచిన చోటే కూర్చో బాబూ. చలికోటు, విజిల్, టార్చి సంచిలో ఉండాలి. అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. మా అల్లుడు ఆ రాత్రి తర్వాత ఒక అలవాటు చేసుకున్నాడు. బయల్దేరే ముందు పక్కింటివాళ్ళకి చీటీ ఇస్తాడు: ఏ దారి, ఎంతమంది, రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి చెప్పాలి. నడక అయ్యాక వాళ్ళకి ఫోన్ చెయ్యడం మర్చిపోకు. ఒకసారి మేం మర్చిపోయి, వేడివేడిగా భోంచేస్తుంటే తలుపు కొట్టారు.