బొంతలు వేలాడదీసే ముందు ఒక్క మాట

అమ్మడూ,

మొన్న ఫోన్లో నీ మాట విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతోనేలే. మన గుడ్డల కొట్టు కస్టమర్లు ఈ ఏడాది కుట్టిన బొంతలూ బట్టలూ అన్నీ ఒకచోట పెట్టి నలుగురికీ చూపిద్దామన్నావు, బాగుంది. కానీ ఆ ఊపులోనే మొదటి బహుమతి కుట్టుమిషన్, రెండోది మిక్సీ అన్నావు చూడు, అక్కడ గతుక్కుమన్నాను. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నా.

బహుమతులు వద్దు. నేను చేసి చేతులు కాల్చుకున్నదాన్ని. చాలా ఏళ్ళ కిందట ఇలాగే పెట్టి, కుట్టుపని నేర్పే ఒకావిడని జడ్జిగా పిలిచాను. ఆవిడ మూలలు చూసింది, కుట్లు లెక్కపెట్టింది, ఫస్టు సెకండు చెప్పి కాఫీ తాగి వెళ్ళిపోయింది. కంచరపాలెం నుంచి వచ్చే ఒక పెద్దావిడ, వాళ్ళమ్మ పోయాక ఆమె చీరలు మూడు కలిపి నాలుగు నెలలు కూర్చుని కుట్టిన బొంత ఎవరి లెక్కలోకీ రాలేదు. కుట్టు వంకరే, కాదనను, కంటి ఆపరేషన్ అయిన మనిషి మరి. ఒక్క మాట అనలేదు, మడతపెట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళింది, మళ్ళీ మన కొట్టుకి దారం రీలుకి కూడా రాలేదు. జడ్జిని అనడానికేముంది, పిలిచింది నేను.

ఈ ఏడాది అసలే ఎవరింటికెళ్ళినా ఏదో ఒకటి. ఒకరింట్లో ఆస్పత్రి, ఒకరింట్లో ఉద్యోగం పోవడం, మీ మావయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటప్పుడు సూది పట్టుకుని కూర్చోవడమే పెద్ద పని. హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద పడ్డప్పుడు నువ్వు హైదరాబాదులో హాస్టల్లో ఉన్నావు, చూడలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. కరెంటు రోజుల తరబడి లేదు, మోటారు మిషన్లన్నీ మూలపడ్డాయి, కాలితో తొక్కే పాత మిషన్లు మాత్రం టకటకా ఆడుతూనే ఉన్నాయి. నీళ్ళలో నాని ఒకదాని రంగు ఇంకోదానికి పట్టేసిన చీరలు తెచ్చి మన కౌంటర్ మీద పెట్టేవారు, కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. చీర 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు, మూడు మడతలేస్తే ఆరడుగుల పొడుగు, వెడల్పు నాలుగడుగులకి కాస్త తక్కువ. రెండు చీరలైతే ఆరు పొరల బొంత. ఈ లెక్క ఆ నెలలో ఎంతమందికి చెప్పానో. 2020లో లాక్‌డౌన్ వస్తే అదే జనం ఎలాస్టిక్ దొరక్క నాడాలు కట్టి మాస్కులు కుట్టి వీధి వీధంతా పంచారు. ఆ మాస్కు ఎవరి దగ్గరైనా మిగిలుంటే అదీ పెట్టు.

కాబట్టి వచ్చిన ప్రతిదీ పెట్టు, ఏరకు. పొత్తిగుడ్డలు, మనవరాలి పరికిణీ, గలేబులు, పాత జీన్సు ప్యాంటుతో కుట్టిన సంచి, అన్నీ. షిప్‌యార్డులో చేసి రిటైరైన ఆ మాస్టారు స్కేలు పెట్టి గీసి మరీ ముక్కల బొంత కుడుతున్నాడన్నావుగా, ఆయన్ని తప్పక అడుగు, సిగ్గుపడతాడు, రెండోసారి కూడా అడుగు. సగంలో ఆగిపోయినవి కూడా తీసుకో. ఎందుకాగిందో మాత్రం అడక్కు. సూది గుచ్చి వదిలేసి ఉంటే తీసేయ్, మన ఉప్పుగాలికి వారంలో తుప్పు మరక పడుతుంది.

గుడ్డ మన కొట్లో కొన్నదా కాదా అని అడిగావో, ఊరుకోను. బొంతలు పెట్టిన చోట డిస్కౌంట్ బ్యానర్ కూడా వద్దు.

ఒక్కోదాని పక్కన చిన్న అట్టముక్క: ఎవరు కుట్టారు, ఎవరికోసం, ఏ గుడ్డతో. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయి, నువ్వు సొగసులు దిద్దకు. పేరు వద్దంటే వద్దు, ఫోటో వద్దంటే వద్దు, పోయినవాళ్ళ బట్టలతో కుట్టినవాళ్ళు కొందరు చెప్పుకోవడానికి ఇష్టపడరు. ఇంకోటి, అట్ట మీద బొంత అనే రాయి. ఈమధ్య ఆన్‌లైన్లో మన బొంతకే కాంథా అని పేరు పెట్టి అమ్ముతున్నారు. కాంథా బెంగాలు వాళ్ళది, కౌది కర్ణాటక వాళ్ళది, రెండూ అందమైనవే, మనది బొంత. అందులో చిన్నతనమేముంది?

రోజు విషయం. మార్గశిరం నాకిష్టం, తుపాన్ల టెన్షన్ కాస్త తగ్గుతుంది, గాలిలో తేమ తక్కువ. కానీ గురువారం పెట్టుకోకు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి ఊరంతా వస్తుంది, పూర్ణా మార్కెట్ వైపు కాలు పెట్టలేం. ఆదివారం మంచిది. సంక్రాంతి దగ్గర పడితే టైలరింగ్ చేసే మనవాళ్ళకి ఊపిరాడదు, ఈలోపే కానివ్వు. మన కొట్టు సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి, అక్కడ కుదరదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో హాలు దొరుకుతుందేమో కనుక్కో. బీచ్‌లో పెడదామన్నావు, ఫోటోలు బాగుంటాయి నిజమే, కానీ ఆ గాలికి బొంతలు పట్టుకోవడానికే పదిమంది కావాలి. ఆ నెలలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది, పొద్దున పదికల్లా తలుపులు తీయి.

వేలాడదీయడం జాగ్రత్త. నేను ఇనుప తీగ కట్టి పిన్నులు పెట్టాను, ఒక తెల్ల బొంత మీద తుప్పు గీత పడింది, నిమ్మకాయ, ఉప్పు రుద్దినా పూర్తిగా పోలేదు. నువ్వు బొంత వెనక పైఅంచున నాలుగంగుళాల గుడ్డపట్టీ గొట్టంలా టాకాలు వేసి, అందులోంచి పీవీసీ పైపు దూర్చు. బరువంతా పైపు మీద సమానంగా పడుతుంది, గుడ్డ సాగదు, తర్వాత టాకాలు విప్పేస్తే గుర్తు కూడా ఉండదు. టాకా పై పొర వరకు రాకూడదు, వెనక పొరల్లోనే తిరగాలి. గోడకి ఆనించకు, వెనక్కి వెళ్ళి చూసేలా ఉంచు. కుట్టడం తెలిసినవాళ్ళు ముందు వెనక్కే వెళతారు, ముడులు ఎక్కడ దాచారో చూడటానికి. అందరూ ముట్టుకుంటారు, ముట్టుకోవద్దని బోర్డు పెడితే ఆగుతారా? మనమే ఒక పాత బొంత బల్ల మీద పరిచి పెడదాం, చేతి దురద దాంతో తీరుతుంది. టీ బయట. ముంత మసాలా బండివాణ్ణి పిలుస్తానన్నావు, నూనె చేతులతో లోపలికొస్తారు, వాణ్ణి అంతా అయిపోయాక పిలువు, నాకూ ఒకటి చెప్పు.

తీసుకునేటప్పుడే నంబరు వేసి చీటీ ఇవ్వు, అదే నంబరు బొంత మూలన గుడ్డముక్క మీద రాసి కుట్టు. సాయంత్రం అందరూ ఒకేసారి అడుగుతారు, రెండు నీలం బొంతలు తారుమారైతే ఇద్దరితోనూ మాటపడాలి.

నీ తమ్ముడి చేత నాదొకటి పంపిస్తున్నా. హుద్‌హుద్‌లో తడిసిన నా ఆకుపచ్చ చీరతో మొదలుపెట్టింది, ఇంకా ఒక వైపు అంచు కుట్టలేదు. సూది తీసేశాలే. దానికీ చీటీ రాసి వాడికివ్వు.

నీ పిన్ని