పదకొండేళ్ల పాపను రియాలిటీ షోకు పంపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. పాప ఆరో తరగతి. పెద్దవాళ్లు లేకుండా పిల్లలే వండుకుంటూ, పనులు చేసుకుంటూ 40 రోజులు ఉండే టీవీ షోకు పంపితే బాధ్యత తెలుస్తుందని మావారు అంటున్నారు. పంపమంటారా?

జవాబు: వద్దమ్మా. 2007లో అమెరికాలో ‘కిడ్ నేషన్’ అని ఇలాంటిదే తీశారు. 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు 40 మంది, న్యూమెక్సికోలో 40 రోజులున్నారు. వంట చేస్తుంటే ఒక పాప ముఖం మీద కాగిన నూనె చిందింది. పేరు రాయని సీసాలోని బ్లీచ్‌ను కొందరు తాగేశారు. (పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటు మన పల్లెల్లోనూ ఉంది. మీ ఇంట్లో ఉంటే ఇవాళే తీసేయండి.)

మన దగ్గర 14 ఏళ్ల లోపు పిల్లలతో టీవీ పని చేయించాలంటే 2017 నిబంధనలున్నాయి. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు, విరామం లేకుండా 3 గంటలు, వరుసగా 27 రోజులు: ఇవి దాటకూడదు. ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి బాధ్యుడిగా ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీరు చెప్పిన 40 రోజులు, పెద్దలు లేకపోవడం, రెండూ ఇక్కడే ఆగిపోతాయి.

మీవారి కోరిక మాత్రం మంచిదే. దానికి ఇల్లు చాలు. రాత్రి అన్నం పూర్తిగా పాపకు అప్పగించండి. కుక్కర్ పెట్టడమొక్కటే కాదు, డబ్బాలో బియ్యం ఎన్నాళ్లొస్తాయో చూసి ముందే చెప్పడం కూడా తన పనే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. కొత్త బియ్యమైతే కాస్త తగ్గించకపోతే ముద్దవుతుంది. మొదటి వారం పక్కనుండి చేయించండి. రెండో వారం చూస్తూ ఊరుకోండి. మూడో వారం నుంచి గుర్తు చేయడం మానేయండి. స్టవ్ వెలిగించేటప్పుడు, కుక్కర్ దించి మూత తీసేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు వంటింట్లోనే ఉండాలి.

చాలా ఇళ్లలో చెడేది ఎక్కడంటే, పాప మరచిన రోజు అమ్మ చప్పుడు చేయకుండా తనే వండేస్తుంది. అలా చేయకండి. తిట్టకండి కూడా. గుర్తొచ్చి తను కడిగి పెట్టేదాకా ఆగి, ఆ పూట అందరూ ఆలస్యంగానే తినండి. ఈ పనికి పైసలు ఇవ్వొద్దు. ఇస్తే, వద్దనుకున్న రోజు పైసలూ వద్దు, పనీ వద్దు అంటుంది.

పాటో నటనో పాపకే ఇష్టమై అడిగితే అది వేరే మాట. అప్పుడు ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి కాగితం చూపించమని షో వాళ్లను అడగండి.