టెక్ సందేహాలు: ఫొటో వెనక వెలిసిపోయిన రాత

ప్రశ్న: ఇరవై అయిదేళ్ల క్రితం దూరమైన నా స్నేహితురాలి కోసం వెతుకుతున్నాను. మా ఇద్దరి ఫొటో ఒక్కటే మిగిలింది. గూగుల్ లెన్స్‌లో పెడితే ఎవరెవరివో ఫొటోలు వస్తున్నాయి. పదేళ్ల మా అమ్మాయి మాత్రం ‘ముఖం సంగతి వదిలెయ్యమ్మా, వెనక ఏదో రాసి ఉంది చూడు’ అంటోంది. వెలిసిపోయిన ఆ రాతను చదవడం ఎలా? పాప సొంతంగా ఫేస్‌బుక్ ఖాతా తెరిచి వెతుకుతానంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: మీ అమ్మాయి సరైన చోటే చూసింది. లెన్స్ ఆ ఫొటోను పోలిన చిత్రాలు నెట్‌లో ఎక్కడున్నాయో చూపిస్తుందే తప్ప, మామూలు మనిషి ముఖం చూసి పేరు చెప్పదు. ముఖాన్ని బట్టి మనిషిని పట్టిస్తామంటూ డబ్బు అడిగే సైట్ల జోలికి దయచేసి వెళ్లకండి. మీ స్నేహితురాలి ముఖాన్ని ఆమెకు తెలియకుండా ఎవరి చేతిలోనో పెట్టినట్టవుతుంది.

ఇక ఆ రాత. గదిలో లైట్లు ఆర్పి, ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టండి. ఇంకో ఫోను టార్చిని పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించి వెలిగించండి. సిరా వెలిసినా కలం ఒత్తిడికి పడిన గాడి తరచుగా మిగిలే ఉంటుంది. ఏటవాలు వెలుగులో ఆ గాడుల్లో నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. టార్చిని నాలుగు వైపులకూ మారుస్తూ, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. తర్వాత ఫోనులోని ‘ఎడిట్’లో రంగు తీసేసి కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) పెంచండి. తెలుగు చేతిరాత చదవడంలో యాప్‌లు తరచూ తడబడతాయి. ఇక్కడ పాప కళ్లనే నమ్మండి.

పేరు దొరికినా, పెళ్లితో ఇంటిపేరు మారి ఉండవచ్చు. అందుకే ఆమె అన్నదమ్ముల పేర్లతోనూ వెతకండి. ఇంగ్లిషు స్పెల్లింగులన్నీ ప్రయత్నించండి: లక్ష్మి అనే పేరునే కొందరు ‘కేఎస్‌హెచ్’తో, కొందరు ‘ఎక్స్’తో రాస్తారు.

ఖాతా మాత్రం పాప పేరున వద్దు. ఫేస్‌బుక్‌కు కనీసం 13 ఏళ్లు నిండాలి. వయసు పెంచి చూపించడం మంచిది కాదు. మీ ఖాతాలోనే, తనను పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి.

ఆమే అనిపించినప్పుడు అందరికీ కనిపించే ఆమె ఫేస్‌బుక్ గోడ (వాల్) మీద రాయకుండా విడిగా సందేశం పంపండి. పరిచయం లేని ఖాతా నుంచి వచ్చే సందేశాలు సాధారణంగా ‘మెసేజ్ రిక్వెస్ట్స్’ అనే వేరే అరలో పడతాయి, చాలామంది అటు నెలల తరబడి చూడరు. జవాబు రాకపోతే వద్దనుకుందని కుంగిపోకండి. జవాబు వస్తే, ఫోను నంబరు ఇచ్చే ముందు మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి అడగండి. సందేశంలో మొదటి వాక్యంగా ఫొటో వెనక ఉన్న మాటనే రాయండి. అది ఆమె రాసిందే అయితే, మీరెవరో వేరే చెప్పనక్కరలేదు.