గ్లట్‌లో కనబడ్డ తోరణం క్యూటీలో ఎందుకు నల్లబడింది?

ప్రశ్న: ఖిలా వరంగల్ కీర్తి తోరణాన్ని త్రీడీ మోడల్ చేసి ఓపెన్‌జీఎల్‌తో (తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ ప్రమాణం) తిప్పి చూపించడం మా ఫైనలియర్ ప్రాజెక్టు. గ్లట్ (విండో తెరిచిపెట్టే లైబ్రరీ) విండోలో నీడలతో సహా మస్తు వచ్చింది. బటన్లు, స్లైడర్ కావాలని సార్ అంటే అదే కోడ్ క్యూటీ (బటన్లున్న తెరలు తయారుచేసే టూల్‌కిట్) విడ్జెట్‌లో పెట్టాం. బటన్లు కనబడుతున్నాయి, తోరణం ఉండాల్సిన చోటంతా నలుపే. స్లైడర్ కదిపినా ఏం కాదు. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: మోడల్ జోలికి పోకండి, అది బాగానే ఉంది. ఓపెన్‌జీఎల్‌కి 1992 నుంచీ గీయడమొక్కటే పని, విండో తెరవడం, మౌస్ సంగతి చూసుకోవడం ఆ ప్రమాణంలో లేనే లేవు, అవి ఇన్నాళ్లూ గ్లట్ చేసింది, ఇప్పుడు క్యూటీ చేస్తుంది. ఇద్దరి పెత్తనం కుదరదు కాబట్టి గ్లట్ మెయిన్‌లూప్, స్వాప్‌బఫర్స్ ఎక్కడైనా మిగిలితే తీసేయండి.

నలుపు గురించి నా అనుమానమంతా ఆ నీడల మీదే. వాటి కోసం ముందు వేరే ఫ్రేమ్‌బఫర్‌లో (గీసిన బొమ్మ నిలిచే మెమరీ) గీసి, తర్వాత తెరకి రావడానికి సున్నా నంబర్ ఫ్రేమ్‌బఫర్‌ని బైండ్ చేసి, అంటే ఇకపై అందులో గీయమని ఎంచుకుని ఉంటారు. గ్లట్‌లో సున్నా అంటే విండోనే. క్యూటీ 5.4లో వచ్చిన క్యూఓపెన్‌జీఎల్‌విడ్జెట్ అలా కాదు, తన సొంత ఫ్రేమ్‌బఫర్‌లో గీయించుకుని, దాన్ని మిగతా బటన్లతో కలిపి అప్పుడు తెర మీదికి పంపుతుంది. మీరు సున్నాలో గీసింది అందులోకి రానే రాదు. సున్నా బదులు డిఫాల్ట్‌ఫ్రేమ్‌బఫర్‌ఆబ్జెక్ట్ ఇచ్చే నంబర్ పెట్టండి.

స్లైడర్ నుంచి పెయింట్‌జీఎల్‌ని (విడ్జెట్‌లో గీసే ఫంక్షన్) నేరుగా పిలవకండి (చాలామంది చేసేది ఇదే). కోణం మార్చి అప్‌డేట్ అనండి, క్యూటీయే వీలు చూసుకుని పిలుస్తుంది. బటన్ నొక్కితే టెక్స్‌చర్ (మోడల్ మీద అతికే బొమ్మ) లోడ్ కావాలంటే ముందు మేక్‌కరెంట్ ఫంక్షన్‌ని పిలవడం తప్పనిసరి.

ఇంకోటి, నీడల కోసం వ్యూపోర్ట్ (గీసే చోటు కొలతలు) మార్చుంటారు కదా, తిరిగి పెట్టేటప్పుడు విడ్జెట్ వెడల్పు, ఎత్తులని డివైస్ పిక్సెల్ రేషియోతో (తెర స్కేలింగ్ ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) గుణించండి, లేకపోతే సార్ లాప్‌టాప్‌లో స్కేలింగ్ 200 శాతం ఉన్న రోజు తోరణం కింద ఎడమ మూలకి పోయి కూర్చుంటుంది.

ప్రశ్న: ఓపెన్‌జీఎల్ వదిలేసి వల్కన్ (దాని తర్వాత వచ్చిన గ్రాఫిక్స్ ప్రమాణం) నేర్చుకోవాలా?
- ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఉద్యోగం గేమ్ ఇంజిన్ల వైపైతే నేర్చుకోండి. 2016లో వచ్చిన వల్కన్‌లో ఒక్క త్రిభుజం గీయడానికే వందల లైన్లు రాయాలి. కాలేజీ ప్రాజెక్టుకి అంత అక్కర్లేదు. మ్యాక్‌లో మాత్రం ఆపిల్ 2018లోనే ఓపెన్‌జీఎల్‌ని పాతబడినవాటి జాబితాలో వేసింది, అక్కడ పని చేయాలనుకుంటే ఆపిల్ సొంత గ్రాఫిక్స్ వ్యవస్థ మెటల్ చూడండి.