రెండు జట్లూ యాభై దగ్గరికి వస్తే డిఫెన్స్ లేనట్టేనా? ముందు 2018 రోజ్ బౌల్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమెరికా వచ్చి కొన్ని నెలలే అయింది, డిసెంబర్ వచ్చేసరికి ఆఫీసులో అందరూ కాలేజ్ ఫుట్‌బాల్ బౌల్ మ్యాచ్‌ల (సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్‌ల) గురించే మాట్లాడుతున్నారు, బాగా స్కోరు అయిన పాత మ్యాచ్ ఒకటి చూసి ఆట అర్థం చేసుకుందామనుకుంటున్నారు. ఏది చూడాలి? రెండు జట్లూ అన్నేసి పాయింట్లు కొట్టాయంటే అసలు డిఫెన్స్ ఆడనట్టే కదా?

నేను అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫరెటాలో ఉంటాను. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల పిల్లల్లో కొందరు అథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీలోనే చదువుతారు కాబట్టి ఈ ఆట మా ఇళ్లలోకీ వచ్చేసింది. నన్నడిగితే 2018 జనవరి 1న కాలిఫోర్నియాలోని పసడీనాలో జరిగిన రోజ్ బౌల్ చూడమంటాను. జార్జియా 54, ఓక్లహోమా 48, అదీ రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత. మొత్తం 102 పాయింట్లు. రోజ్ బౌల్ ఓవర్‌టైమ్‌కి వెళ్లడం అదే మొదటిసారి. పైగా అది జాతీయ ఛాంపియన్‌షిప్‌కి సెమీ ఫైనల్.

చూసే ముందు కాస్త లెక్క తెలిస్తే చాలు. బంతి ఉన్న జట్టుకి పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలు. వాటినే డౌన్లంటారు. బంతితో అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6, ఆ తర్వాత కొట్టే కిక్‌కి 1. గీత దాకా పోలేక మధ్యలో ఆగిపోతే, దూరం నుంచి స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్‌కి 3. మీ రెండో ప్రశ్నకి జవాబు ఈ 7కీ 3కీ మధ్య తేడాలోనే ఉంది.

ఆ సాయంత్రం ఒక సహోద్యోగి ఇంట్లో ఆ మ్యాచ్ చూశాను. ఆయన జార్జియాలోనే చదువుకున్నాడు. అప్పటికి ఆ జట్టు చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 1980లో. అప్పటి నుంచి ఎదురుచూస్తున్న ఇల్లు అది. మొదటి హాఫ్ అంతా ఆ ఇంట్లో మాట లేదు. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపిస్తూ బంతి విసిరేవాడు) బేకర్ మేఫీల్డ్ ఆ సీజన్‌లో కాలేజ్ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. ఆపడం ఎవరి వల్లా కాలేదు. వాళ్ల రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) రాడ్నీ ఆండర్సన్ ఆ ఒక్క మ్యాచ్‌లో 201 గజాలు పరిగెత్తాడు. హాఫ్ ముగియడానికి ఆరు సెకన్లు ఉందనగా సీడీ ల్యాంబ్ విసిరిన బంతిని క్వార్టర్‌బ్యాక్ మేఫీల్డే పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. విసిరేవాడు పట్టాడు, పట్టేవాడు విసిరాడు. స్కోరు 31-14. మా పక్కన కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఇక్కడి నుంచి చాలా జాగ్రత్తగా చూడండి. పాయింట్లు కొట్టిన జట్టు బంతిని ప్రత్యర్థి వైపు తన్నాలి. ఆరు సెకన్లే మిగిలాయి కదా, బంతిని దూరంగా కొడితే జార్జియా ఆటగాడెవరైనా పట్టుకుని మొత్తం మైదానం పరిగెత్తేస్తాడేమోనని ఓక్లహోమా భయపడింది. అందుకని బంతిని నేలబారుగా, పొట్టిగా తన్నింది. దీన్ని స్క్విబ్ కిక్ అంటారు. జార్జియా వాళ్లు దాన్ని మైదానం మధ్యకి దగ్గర్లోనే పట్టేశారు. కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న క్వార్టర్‌బ్యాక్ జేక్ ఫ్రొమ్ 9 గజాల చిన్న పాస్ ఒకటి వేశాడు. ఒక్క సెకను మిగిలింది. కళ్లజోడుతో ఆడే కిక్కర్ రోడ్రిగో బ్లాంకెన్‌షిప్ వచ్చి 55 గజాల నుంచి కొట్టాడు. 31-17. హైలైట్స్‌లో జార్జియా రన్నింగ్ బ్యాక్‌లు చబ్, మిషెల్‌ల పరుగులే ఎక్కువగా చూపిస్తారు, ఈ మూడు పాయింట్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నా ఉద్దేశంలో మ్యాచ్ తిరిగింది ఇక్కడే. నాలుగు క్వార్టర్లు అయ్యేసరికి స్కోరు సమానమైందని గుర్తుంచుకుంటే ఆ మూడు పాయింట్ల విలువ తెలుస్తుంది.

మూడో క్వార్టర్‌లో మిషెల్ 38 గజాలు, నిక్ చబ్ 50 గజాలు పరిగెత్తి రెండు టచ్‌డౌన్లు చేశారు. 31-31. అందరూ ఆ పరుగుల గురించే చెబుతారు, నిజంగానే చూడదగ్గవి. కానీ అదే క్వార్టర్‌లో ఓక్లహోమా స్కోరు ఎంతో చూడండి. సున్నా. మొదటి హాఫ్‌లో 31 కొట్టిన జట్టు అది, ఆడుతున్నది కూడా అదే హైస్మన్ విజేత. దానికి పదిహేను నిమిషాల ఆటలో ఒక్క పాయింటూ రాలేదు. జార్జియా డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడే రోక్వాన్ స్మిత్ మీద కన్నేసి ఉంచండి. బంతి ఎటు పోతే అటు ముందే వచ్చి ఉంటాడు. మ్యాచ్ అయ్యాక డిఫెన్స్ తరఫున ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే ఇచ్చారు. 102 పాయింట్ల మ్యాచ్‌లో డిఫెన్స్ ఏం చేసిందో చూడాలంటే ఈ క్వార్టర్ చాలు. రెండు జట్లూ రెండొందలు దాటిన ఐపీఎల్ మ్యాచ్‌లో పద్దెనిమిదో ఓవర్ ఆరు పరుగులకే ముగించిన బౌలర్ ఎలాంటివాడో ఇదీ అలాంటిదే.

నాలుగో క్వార్టర్‌ని మాటల్లో చెప్పడం కష్టం. డామినిక్ శాండర్స్ మేఫీల్డ్ పాస్‌ని మధ్యలోనే అందుకున్నాడు. జార్జియా 38-31తో ముందుకెళ్లింది. ఓక్లహోమా సమం చేసింది. అప్పుడు సోనీ మిషెల్ చేతిలోంచి బంతి జారిపోయింది. స్టీవెన్ పార్కర్ దాన్ని ఎత్తుకుని 46 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 45-38, ఓక్లహోమా ముందు. ఆట ఇంకా ఏడు నిమిషాలు కూడా లేదు.

మిషెల్, చబ్ ఇద్దరూ సీనియర్లు, అంటే కాలేజీలో చివరి ఏడాది. అంతకు ముందు ఏడాదే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయే వీలున్నా, ఇంకో ఏడాది కాలేజీకి ఆడదామని ఆగిపోయారు. చబ్‌కి 2015లో మోకాలు ఎంత ఘోరంగా దెబ్బతిందంటే మళ్లీ ఆడతాడని చాలామంది అనుకోలేదు. అలాంటి కుర్రాడు 55 సెకన్లు ఉందనగా రెండు గజాల నుంచి దూసుకెళ్లి 45-45 చేస్తే ఆ ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఏడ్చారు. నాకు జార్జియా యూనివర్సిటీతో ఏ బంధమూ లేదు, అయినా గొంతు పట్టేసింది.

కాలేజీ ఓవర్‌టైమ్ పద్ధతి వేరు. గడియారం ఉండదు. ఒక్కో జట్టుకి ప్రత్యర్థి 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు, అక్కడి నుంచి ఎంత రాబట్టుకుంటే అంత. ఓవర్‌టైమ్ మ్యాచ్‌ల స్కోర్లు పెద్దగా కనిపించడానికి ఇదొక కారణం, ఆ దూరం నుంచి పాయింట్లు తెచ్చుకోవడం తేలిక. మొదటి ఓవర్‌టైమ్‌లో జార్జియాకి మూడే వచ్చాయి. అంటే ఓక్లహోమా టచ్‌డౌన్ చేస్తే అయిపోయేది. వాళ్లనీ మూడు దగ్గరే ఆపారు. 48-48. ఆ 7కీ 3కీ మధ్య తేడా అని ముందు చెప్పింది ఇదే.

రెండో ఓవర్‌టైమ్‌లో ఓక్లహోమాకి ముందు బంతి. మళ్లీ ఆగిపోయారు. 27 గజాల ఫీల్డ్ గోల్, కిక్కర్లకి మామూలు దూరం. లొరెంజో కార్టర్ ఎగిరి చేతితో ఆపేశాడు. ఇప్పుడు జార్జియాకి ఏ పాయింటు వచ్చినా గెలుపే. బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి కాకుండా నేరుగా మిషెల్‌కి ఇచ్చారు. బంతి జారవిడిచిన అదే మిషెల్ 27 గజాలు పరిగెత్తి గీత దాటేశాడు. అతను ఆ రోజు బంతితో 11 సార్లే పరిగెత్తి 181 గజాలు సంపాదించాడు.

అంటే ఎక్కువ స్కోరైన ప్రతి మ్యాచ్‌లోనూ డిఫెన్స్ ఇంత బాగా ఉంటుందని కాదు. 2011 డిసెంబర్‌లో శాన్ ఆంటోనియోలో జరిగిన అలామో బౌల్‌లో బేలర్ 67, వాషింగ్టన్ 56, ఓవర్‌టైమ్ లేకుండానే 123 పాయింట్లు. బేలర్ ఒక్కటే 777 గజాలు సంపాదించింది. అక్కడ మాత్రం మీ అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ వెంటనే వాషింగ్టన్ తన డిఫెన్స్ కోచ్‌ని తీసేసింది. బేలర్ క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ ఆట చూడ్డానికి సరదాగా ఉంటుంది, కానీ ఆట నేర్చుకోవడానికి మొదటి మ్యాచ్‌గా అది వద్దు.

జార్జియా వారం తర్వాత ఫైనల్ సొంత రాష్ట్రంలోనే, అట్లాంటాలోనే ఆడి అలబామా చేతిలో ఓవర్‌టైమ్‌లో 26-23తో ఓడిపోయింది. ఆ మాట మా ఊళ్లో ఎవరి దగ్గరా ఊరికే ఎత్తకండి. తర్వాత 2021, 2022 సీజన్లలో వరసగా టైటిల్ గెలిచినా ఆ ఓటమి నొప్పి ఇంకా అలాగే ఉంది.

ఒక జాగ్రత్త. ఆ రోజుకీ ఇప్పటికీ ఓవర్‌టైమ్ రూల్స్ మారాయి. 2021 నుంచి రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేస్తే ఒక్క పాయింటు కిక్ కొట్టకూడదు, రెండు పాయింట్ల ప్రయత్నమే (కిక్ బదులు బంతితో మళ్లీ గీత దాటడం) చేయాలి. మూడో ఓవర్‌టైమ్ నుంచి ఆ రెండు పాయింట్ల ప్రయత్నాలే ఒకరి తర్వాత ఒకరు చేస్తారు. పాత మ్యాచ్ చూసి కొత్త మ్యాచ్‌కి వెళ్తే గందరగోళపడతారని చెబుతున్నాను. వీలైతే హైలైట్స్ కాకుండా పూర్తి మ్యాచ్ చూడండి, హైలైట్స్‌లో ఆగిపోయిన డౌన్లు చూపించరు. ఇది నచ్చితే రెండోది 2007 ఫియెస్టా బౌల్ పెట్టుకోండి. బాయిసీ స్టేట్ 43, ఓక్లహోమా 42. చివరి రెండు పాయింట్లు ఎలా వచ్చాయో ముందే చెప్పను.